ఏ నెలలో ఊడింది, ఏ నెల లెక్కలో పడింది?

రెటీనా, అంటే కంటి లోపల వెనకగోడకు అంటుకుని బొమ్మను పట్టే పలచటి పొర, ఊడిపోయే కేసులు ఏ కాలంలో ఎక్కువ వస్తాయి? కంటి వైద్యంలో ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. దశాబ్దాలుగా వేర్వేరు దేశాల డాక్టర్లు తమ ఆసుపత్రి రిజిస్టర్లు తిరగేసి నెలలవారీగా లెక్కలు తీస్తూనే ఉన్నారు. ఎండాకాలంలో ఎక్కువని కొందరు తేల్చారు. కాదు, చలికాలంలోనే అన్నారు ఇంకొందరు. మాకు ఏ తేడా కనబడలేదని మరికొందరు రాశారు. నా కంట్లోనే రెటీనా ఊడి, ఆపరేషన్ అయ్యాక, దొరికిన ప్రతి అధ్యయనాన్నీ కూర్చుని చదివాను. చదివేకొద్దీ ఒక్క మాట నాలో గట్టిపడుతూ వచ్చింది. ఇప్పటిదాకా మనం ఎక్కువగా కొలిచింది జబ్బు వచ్చిన కాలాన్ని కాదు, మనిషి ఆసుపత్రికి వచ్చిన కాలాన్ని.

రెంటికీ మహా అయితే నాలుగు రోజుల తేడా ఉంటుంది, దానికింత రాద్ధాంతం దేనికి అని మీకు అనిపించవచ్చు. గుండెపోటు గురించి అయితే ఆ మాట చెల్లుతుంది. నొప్పి మొదలైన రోజే మనిషి ఆసుపత్రికి చేరతాడు. రెటీనా నొప్పి పెట్టదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కంటిగుడ్డు లోపల దాదాపు 4 మిల్లీలీటర్ల జెల్ ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటారు. అందులో 98 శాతానికి పైగా నీరే. మిగతాది సన్నటి కొల్లాజెన్ పోగులు, హయలురోనిక్ ఆమ్లం. చిన్నప్పుడు చిక్కగా ఉండే ఈ జెల్ వయసుతోపాటు మెల్లగా నీరుకారుతుంది. యాభై, అరవై దాటాక ఎప్పుడో ఒకప్పుడు వెనకనున్న రెటీనా నుంచి విడివడుతుంది. చాలామందిలో ఇది ఏ హానీ లేకుండా జరిగిపోతుంది, కొత్తగా నాలుగు నల్లచుక్కలు మాత్రం మిగులుతాయి. కానీ జెల్ ఎక్కడైనా గట్టిగా అతుక్కుని ఉంటే, విడివడేటప్పుడు రెటీనాను లాగి చింపుతుంది. మెరుపులు, చుక్కలు అంటూ హఠాత్తుగా లక్షణాలతో వచ్చినవారిలో సుమారు పది మందిలో ఒకరికో, కాస్త ఎక్కువమందికో ఇలాంటి చిరుగు కనబడుతుంది. గోడకు అంటించిన కాగితం చిరిగిన చోటునుంచి నీరు వెనక్కి దిగితే కాగితం ఎలా లేచిపోతుందో, ఆ చిరుగులోంచి ద్రవం దిగి రెటీనా అలా లేచిపోతుంది.

ఈ సంగతి మొదట పట్టుబట్టి నిరూపించినవాడు స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌కు చెందిన జూల్ గొనాఁ. రెటీనా ఊడడానికి కారణం దానిలో పడే చిరుగేననీ, ఆ చిరుగును వెతికి మూసేస్తే రెటీనా మళ్లీ అతుక్కుంటుందనీ ఆయన 1920లలో చూపించాడు. అంతకుముందు రెటీనా ఊడితే చూపు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆయన పని మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేనిది. నా కుడికన్ను ఇవాళ ఈ అక్షరాలు చూస్తోందంటే ఆ ఆలోచన వల్లే.

ఇక సీజన్ సంగతి. చిరుగు పడడం ఒక తేదీ. రెటీనా లేవడం మొదలవడం ఇంకో తేదీ. మనిషి గమనించడం మూడో తేదీ. డాక్టరు చూడడం నాలుగోది, ఆపరేషన్ ఐదోది. రిజిస్టర్‌లో భద్రంగా ఉండేది ఆ చివరి రెండే. మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్య ఎంత దూరముంటుందో ఒక్కో కంటిని బట్టి ఉంటుంది. పైభాగంలో పెద్ద చిరుగు పడితే, బరువుకు ద్రవం కిందికి దిగి, ఒకటి రెండు రోజుల్లోనే సగం చూపు మూసుకుపోతుంది. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్న యువతలో కిందిభాగాన చిన్న గుండ్రటి రంధ్రాలు పడి, ఏ లక్షణమూ తెలియకుండా నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. కళ్లజోడు మార్చుకుందామని వెళితే అనుకోకుండా బయటపడిన కేసులు ఎన్నో. ఊడిన చోటు ఎక్కువకాలం అక్కడే ఆగిపోతే దాని అంచున రంగు తేలిన గీత ఒకటి ఏర్పడుతుంది. ఆ గీత తేలడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అంటే ఆ గీత కనబడిందంటే జబ్బు కనీసం ఒక రుతువు ముందుదని కంటి లోపలే రాసి ఉన్నట్టు. అయినా నెలవారీ లెక్కలో ఆ కేసు ఆపరేషన్ జరిగిన నెలలోనే పడుతుంది.

నా విషయంలోనూ అంతే అయింది. రాత్రి లైటు ఆపాక కుడివైపు అంచున విల్లులా వంగిన మెరుపు కనబడడం ఒక నెల చివర్లో మొదలైంది. తల తిప్పితే చాలు, మళ్లీ మెరిసేది. ఆ తర్వాత చుక్కలు, ఆ తర్వాత ముక్కువైపు కిందిమూల నుంచి నీడ. డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి రెటీనా స్పెషలిస్టు దగ్గరికి రిఫరయి, ఆపరేషన్ బల్ల ఎక్కేసరికి నెల మారింది, ఎండలు పోయి వానలు వచ్చాయి. ఎప్పట్నుంచి అని డాక్టరుగారు అడిగారు, తేదీతో సహా చెప్పాను. డిశ్చార్జ్ కాగితంలో మాత్రం "కొద్దిరోజులుగా చూపు తగ్గింది" అని ఒక్క ముక్క ఉంది. అడ్మిషన్ తేదీ ఉంది, సర్జరీ తేదీ ఉంది, బిల్లు తేదీ కూడా ఉంది. మెరుపు మొదలైన తేదీ ఎక్కడా లేదు. ఎవరైనా ఆ రిజిస్టర్ చూసి సీజన్ లెక్క కడితే నా కన్ను వర్షాకాలం ఖాతాలో పడుతుంది. అందులో వర్షానికి ఏ పాత్రా లేదు.

అతికించిన రెటీనాను నొక్కిపట్టడానికి కంట్లో గ్యాస్ నింపి పంపించారు. ఆ రోజుల గురించి రెండు ముక్కలు చెప్పాలి, చెప్పేవాళ్లు తక్కువ. గ్యాస్ బుడగ కంట్లో పైకి తేలుతుంది, కానీ రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి మనకది చూపులో కింద ఉన్నట్టు కనబడుతుంది. మొదట అంతా మసకే. రోజులు గడిచేకొద్దీ పైనుంచి ఒక స్పష్టమైన పట్టీ తెరుచుకుంటుంది. దాని కింద అడ్డంగా ఒక గీత, తల కదిపితే ఊగుతూ ఉంటుంది. ఆ గీత రోజురోజుకీ కిందికి దిగుతుంది. చివరికి చూపు అడుగున ఒక చిన్న గుండ్రటి బుడగ మిగిలి, ఒకరోజు అదీ మాయమవుతుంది. బుడగ ఉన్నన్నాళ్లూ విమానం ఎక్కకూడదు. ఎత్తుకు వెళ్తే గ్యాస్ వ్యాకోచించి కంట్లో ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

సీజన్ ప్రభావం ఉందనేవాళ్లు చెప్పే కారణాలు ముఖ్యంగా మూడు. వేడి, వెలుగు, శారీరక శ్రమ. మూడింటినీ తేలిగ్గా తీసిపారేయను, కానీ మూడూ ఒకే బలంతో నిలబడవు.

వేడి సంగతి చూద్దాం. ఎండల్లో ఒంట్లో నీరు తగ్గి విట్రియస్ కుంచించుకుపోతుందని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రెటీనా వెనకనే కోరాయిడ్ అనే రక్తనాళాల పొర ఉంది. బరువును బట్టి చూస్తే శరీరంలో అతి ఎక్కువ రక్తం ప్రవహించే కణజాలాల్లో అదొకటి. రెటీనా పని చేస్తూ పుట్టించే వేడిని మోసుకెళ్లడం, కంటి వెనకభాగాన్ని శరీర ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంచడం కూడా దాని పనే. బయట చలిగాలి తగిలినా, వడగాలి కొట్టినా కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకు తెలిసినంతగా వెనకనున్న రెటీనాకు తెలియదు. పైగా జెల్ నీరుకారడం ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. ఒక ఎండాకాలం దాన్ని ఏపాటి ముందుకు నెట్టగలదు? వేడికి ఏ సంబంధమూ లేదని తెగేసి చెప్పను, కానీ దాన్నే మొదటి ముద్దాయిగా నిలబెట్టడం తొందరపాటు.

శ్రమ సంగతి త్వరగానే తేలిపోతుంది. తలకో కంటికో బలమైన దెబ్బ తగిలితే రెటీనా ఊడుతుంది, అది నిజం. ఆటలు ఎక్కువగా ఆడే కాలంలో అలాంటి గాయాలు పెరగవచ్చు. కానీ మొత్తం కేసుల్లో దెబ్బల వాటా చిన్నది. మిగతావాటికి మామూలు పనులతో సంబంధం కలపడం కష్టం.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది వెలుగు. అయితే వెలుగు రెటీనాను ఊడదీస్తుందని కాదు. అది లక్షణాన్ని కనబడేలా చేస్తుంది. ఎర్రటి ఎండలో ఆకాశం వైపు చూసినప్పుడు కనుపాప చిన్నదవుతుంది. చిన్న కనుపాపలోంచి వచ్చే వెలుగులో విట్రియస్‌లోని పోగుల నీడలు రెటీనా మీద పదునుగా పడతాయి. తెల్లటి గోడ, నీలాకాశం, వెలుగుతున్న స్క్రీన్ ముందు చుక్కలు స్పష్టంగా కనబడేది అందుకే. మెరుపుల సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. అవి చీకట్లోనే తెలుస్తాయి. జెల్ రెటీనాను లాగినప్పుడు రెటీనా ఆ లాగుడును వెలుగుగానే చెబుతుంది, దానికి వేరే భాష లేదు. పట్టపగలు ఆ చిన్న వెలుగు లోకంలో కలిసిపోతుంది. అంటే పగలు ఎక్కువున్న రోజుల్లో చుక్కలతో వచ్చేవాళ్లు, రాత్రి ఎక్కువున్న రోజుల్లో మెరుపులతో వచ్చేవాళ్లు పెరిగే అవకాశం ఉంది. జబ్బు మారలేదు, దాన్ని పట్టించే సాక్షి మారాడు. ఏ లక్షణంతో వచ్చారన్నది నెలవారీగా విడదీసి చూస్తే ఇది నిజమో కాదో తేల్చడం పెద్ద కష్టం కాదు.

లెక్కల్లో ఇంకో ఉచ్చు ఉంది. రెటీనా ఊడడం, డాక్టర్ల మాటలో రెటీనా డిటాచ్‌మెంట్, అరుదైన జబ్బు. ఏడాదికి లక్షమందిలో సుమారు పదిమందికి వస్తుందని స్థూలంగా చెబుతారు. 10 లక్షల జనాభాకు ఏడాదికి 100 కేసులు అనుకోండి. నెలకు ఎనిమిది. సీజన్ ప్రభావం సున్నా అయినా సరే, కేవలం యాదృచ్ఛికంగానే ఒక నెల 13, ఒక నెల 4 వచ్చే అవకాశం బాగానే ఉంది. అది గ్రాఫుగా గీస్తే కొండా లోయా కనబడతాయి. మనిషి కన్ను కొండను చూస్తే కారణం వెతుకుతుంది. ఏడాది పొడవునా 10 శాతం పైకీ కిందికీ ఊగే తరంగాన్ని నమ్మకంగా పట్టాలంటే కేసులు వందల్లో చాలవు, వేలల్లో కావాలి. ఇంకా చిన్న విషయం: ఫిబ్రవరికి 28 రోజులు, జనవరికి 31. ఆ తేడాయే దాదాపు 10 శాతం. నెలకు ఎన్ని అని కాకుండా రోజుకు ఎన్ని అని లెక్కించకపోతే ఫిబ్రవరి ఎప్పుడూ ఆరోగ్యకరమైన నెలగానే కనబడుతుంది.

ఆసుపత్రికి వచ్చే తీరు మారితే గ్రాఫు ఎంతగా వంగుతుందో 2020 మనకు స్పష్టంగా చూపించింది. కొవిడ్ లాక్‌డౌన్ మొదలైన వారాల్లో పలు దేశాల ఆసుపత్రుల్లో రెటీనా డిటాచ్‌మెంట్ కేసులు బాగా తగ్గాయి. ఇళ్లలో కూర్చున్నందుకు జనం కళ్లు బాగుపడ్డాయా? అదే సమయంలో, వచ్చినవాళ్లలో మాక్యులా దాకా ఊడిపోయి వచ్చినవాళ్ల వాటా పెరిగింది. మాక్యులా అంటే చూపుకు నడిబొడ్డు. మనం చదివేది, మొహాలు గుర్తుపట్టేది దానితోనే. మాక్యులా ఊడకముందే ఆపరేషన్ జరిగితే చూపు చాలావరకు నిలుస్తుంది. ఊడాక ఎంత చక్కగా అతికించినా పాత చూపు పూర్తిగా తిరిగి వస్తుందన్న భరోసా లేదు. కాబట్టి కేసులు తగ్గి మాక్యులా ఊడినవి పెరిగాయంటే దానర్థం జబ్బు తగ్గడం కాదు, మనుషులు ఆలస్యంగా రావడం. కొందరు రాకుండానే ఉండిపోవడం.

ఈ ఒక్క కొలత సీజన్ చర్చ మొత్తానికి తాళంచెవి అని నా నమ్మకం. నెలవారీ కేసుల సంఖ్య పక్కనే, ఆ నెలలో మాక్యులా ఊడి వచ్చినవాళ్లు ఎంత శాతమో కూడా గీయాలి. నిజంగా జబ్బే పెరిగితే సంఖ్య పెరుగుతుంది, శాతం ఇంచుమించు అలాగే ఉంటుంది. సెలవులు, వానలు, పండగలు, ప్రయాణాలు అడ్డొచ్చి జనం ఆగిపోతే సంఖ్య పడిపోతుంది, శాతం ఎక్కుతుంది, ఆ అడ్డు తొలగిన వెంటనే సంఖ్య పుంజుకుంటుంది. మాక్యులా ఊడిందా లేదా అన్నది సర్జన్లు ఎలాగూ ప్రతి కేసులోనూ రాస్తారు. కొత్తగా సేకరించాల్సింది ఏమీ లేదు.

సీజన్ వాదన మొత్తం ఉత్తదే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. కంటి జబ్బుల్లో నిజమైన సీజన్లు ఉన్నాయి, అవి ఎలా ఉంటాయో చూస్తే తేడా తెలుస్తుంది. నేపాల్‌లో షాపు (SHAPU) అనే కంటి జబ్బు ఉంది. ఎక్కువగా పిల్లలకు, ఒక కంటికే వస్తుంది. పెద్దగా నొప్పి లేకుండా కన్ను ఎర్రబడి, కనుపాప తెల్లగా మెరిసి, రోజుల వ్యవధిలో కంటి లోపలంతా దెబ్బతింటుంది. 1975లో మొదట గుర్తించారు. వానలు వెనకబట్టాక వస్తుంది, అదీ ఎక్కువగా ఏడాది విడిచి ఏడాది. ఆ నెలల్లో ఎగిరే తెల్లటి చిమ్మెటలతో దానికి సంబంధముందని అక్కడి డాక్టర్లు ఏళ్లుగా వెంటాడుతున్నారు. ఆ సీజన్‌ను చూడడానికి గణితం అక్కర్లేదు. కాలం ఉంది, ప్రాంతం ఉంది, అనుమానించడానికి ఒక పురుగూ ఉంది.

ఇంకొకటి మన అంశానికి మరీ దగ్గరిది. పిల్లల్లో మైనస్ పవర్ చలికాలంలో వేగంగా, వేసవిలో నెమ్మదిగా పెరుగుతుందని పలు దేశాల్లో తేలింది. ఆరుబయటి వెలుగే కారణమని బలమైన నమ్మకం. మైనస్ పవర్ ఎక్కువైతే కంటిగుడ్డు పొడవు పెరుగుతుంది, రెటీనా సాగి అంచుల్లో పలచబడుతుంది, ఊడే ప్రమాదం హెచ్చుతుంది. అంటే రుతువు ఈ జబ్బు మీద చెయ్యి వేస్తూ ఉండవచ్చు, కానీ ఆ చెయ్యి పడేది పదేళ్ల వయసులో, ఫలితం కనబడేది నలభైలోనో యాభైలోనో. దాన్ని నెలవారీ ఆపరేషన్ల పట్టికలో వెతికితే ఎలా దొరుకుతుంది? శుక్లాల ఆపరేషన్ తర్వాత కూడా రెటీనా ఊడే ప్రమాదం ఏళ్ల తరబడి కొంత ఎక్కువగా ఉంటుంది. ఆ ఆపరేషన్లను జనం తమ తీరికను బట్టి కొన్ని నెలల్లోనే ఎక్కువగా చేయించుకుంటారు. ఆ సీజన్ కూడా ఏళ్ల మీద పరుచుకుపోయి ఆనవాలు లేకుండా పోతుంది.

మందుల గురించి ఒక మాట. ఫ్లోరోక్వినోలోన్ రకం యాంటీబయాటిక్ మాత్రలు వాడినవారిలో రెటీనా ఊడడం ఎక్కువని 2012లో కెనడా నుంచి ఒక అధ్యయనం వచ్చి పెద్ద టెన్షన్ పుట్టించింది. 2013లో డెన్మార్క్ జనాభా మొత్తం మీద చూసినప్పుడు ఆ సంబంధం కనబడలేదు. ఇది ఇక్కడ ఎందుకంటే, ఇన్ఫెక్షన్ల కాలం వస్తే మాత్రలు పెరుగుతాయి, డాక్టర్ల దగ్గరికి రాకపోకలు పెరుగుతాయి, అన్నీ ఒకే నెలలో కలిసి నడుస్తాయి. కలిసి నడిచిన ప్రతిదాన్నీ కారణమనుకుంటే అంతు ఉండదు.

నిజంగా వాతావరణమే కారణమైతే దాన్ని ఒప్పించడానికి భూగోళమే ఒక పరీక్ష పెట్టి ఉంచింది. దక్షిణార్ధగోళంలో రుతువులు ఆరు నెలలు తిరగబడి ఉంటాయి. ఉత్తరాన జూలైలో శిఖరం ఉంటే దక్షిణాన జనవరిలో ఉండాలి. భూమధ్యరేఖ దగ్గర పగటి నిడివి ఏడాదంతా దాదాపు ఒకటే కాబట్టి అక్కడ తరంగం చదునుగా అయిపోవాలి. లక్షణం మొదలైన తేదీని పట్టుకుని, ఈ మూడుచోట్లా వేలకొద్దీ కేసులు పక్కపక్కన పెట్టి చూపిస్తే నేను నా మాట వెనక్కి తీసుకుంటాను, సంతోషంగా.

అప్పటిదాకా నా బాధంతా ఒక్క విషయం గురించి. "ఈ ఎండలకు కళ్లు అలసిపోయాయి", "చలికి ఇలాగే ఉంటుందిలే" అన్న మాటలు ఎక్కడైనా వినబడతాయి. ఫలానా సీజన్‌లో రెటీనా ఎక్కువగా ఊడుతుందనే వార్త చదివినవాడు మిగతా నెలల్లో వచ్చిన మెరుపును ఇంకాస్త తేలిగ్గా తీసుకుంటాడు. కొత్తగా మెరుపులు, ఒక్కసారిగా చుక్కల గుంపు, ఒక మూల నుంచి పరదా లాంటి నీడ. ఈ మూడింట్లో ఏది వచ్చినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, చుక్కల మందు వేసి కనుపాప పెద్దది చేసి రెటీనా అంచుల దాకా చూడమని అడగాలి. చిరుగు దశలోనే దొరికితే లేజర్‌తో చుట్టూ అతికేసి ఇంటికి పంపిస్తారు. మైనస్ పవర్ ఎక్కువున్నవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు, ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడి ఉన్నవారు, ఒక కంట్లో ఇదివరకే ఊడినవారు ఇంకో ఆలోచన లేకుండా వెళ్లాలి. ఒక కన్ను మూసి రెండోదాన్ని విడిగా పరీక్షించుకోవడం అలవాటు చేసుకోవాలి. రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను ఊడిన కంటి నీడను కప్పేస్తుంది.

వెళ్లేటప్పుడు మొదటి మెరుపు ఏ తేదీన కనబడింది, నీడ ఏ మూల నుంచి మొదలైంది అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. సర్జన్‌కు అది అక్కడికక్కడే పనికొస్తుంది, చిరుగు ఎక్కడ వెతకాలో నీడ వచ్చిన దిక్కే చెబుతుంది. ఆ తేదీని కేసు షీటులో విడిగా ఒక గడిలో రాయమని కూడా అడగండి. డాక్టర్లకు నా విన్నపం కూడా అదే. అడ్మిషన్ తేదీ పక్కన ఆ ఒక్క గడి చేర్చండి.